నెలసరి ఆదాయం అనే గడి

టెక్కలి కోర్టు ఎదురుగా జిరాక్స్ కొట్లో
పన్నెండు కాగితాలు, ఇరవై నాలుగు రూపాయలు.
తొమ్మిదో కాగితం మీద ఒక గడి:
"నెలసరి ఆదాయం".
అగ్గిపెట్టంత కూడా లేదు.
అందులో నా ఏడాది పట్టాలి.

వకీలు పతివాడ గారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి
"తొమ్మిదివేలు ఎయ్యి బావూ.
జీతగాడివి కావు కదా,
నిన్నెవుడు లెక్కెట్టగలడు?" అన్నారు.

నిజమే. లెక్కపెట్టడం నా పని.
ఐదు హెచ్.పి. మోటారుకి ఏ గేజి తీగ,
ఒక్కో కాయిలుకి ఎన్ని చుట్లు,
ఒక చుట్టు తప్పితే మూడోరోజు
ఏ రైతు ఏ బూతుతో దిగుతాడో
ఇరవై ఒక్కేళ్లుగా వేళ్లకి తెలుసు.

మార్చి, ఏప్రిల్, మే. లోవోల్టేజీ నా లక్ష్మీదేవి.
కోటబొమ్మాళి నుంచి, నందిగాం నుంచి
సైకిలు క్యారేజీ మీద, ఆటోలో,
ఒకసారైతే నులకమంచం మీద నలుగురు మోసుకుంటూ
కాలిన మోటార్లు వస్తాయి.
వంశధార కాలవ నిండిందా,
కొట్టు గుమ్మంలో కుక్క పడుకుంటుంది.
ఆ మూడు నెలలూ నా ఆదాయం: కుక్క.

మరి తుఫాను నెల?
కొబ్బరితోటలు పడుకున్నాయని ఊళ్లు ఏడుస్తుంటే
నీళ్లు తాగిన మోటార్లు రోడ్డుదాకా వరస కట్టాయి.
లక్షా పదకొండువేలు. మళ్లీ అంత చూడలేదు.
గుంటకి చెవులు కుట్టించింది అప్పుడే.
దాన్ని పన్నెండుతో భాగించాలా,
అప్పట్నుంచీ గడిచిన ఏళ్లన్నిటితోనా?
భాగిస్తే సిగ్గు ఎవరి వాటాకి వస్తుంది?

తీగ శ్రీకాకుళంలో అరువు. వార్నిష్, కరెంటు, అద్దె,
హెల్పరు అసిరినాయుడికి రోజుకి మూడొందలు.
తీసేశాను. బీడీలు తియ్యకూడదట.
తీసెయ్యగా మిగిలింది ఒక అంకె.
అందులో నేను రాయనిది ఒకటుంది:
కాలిన రాగి.

పాత తీగ పీకి మూల గోనెలో వేస్తాం.
ఏ రైతూ అడగడు. పక్షానికోసారి
పాతసామాన్లవాడు తూస్తాడు. బిల్లు లేదు.
ఆ గోనె సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు.
రెండో మనిషి ఇప్పుడు కోర్టు వరండాలో,
ఆ చివర బెంచీ మీద కూర్చుంది.
ఎన్ని రాత్రులు నా పక్కన కూర్చుని
మసిచేతులతో ఆ తీగ పీకిందో కుసుమ.
వాళ్ల వకీలుకి చెప్పిందో లేదో తెలీదు.

నన్ను చూసి లేచొచ్చి
రెండు వేళ్లతో పట్టుకుని నోటుబుక్కు ఇచ్చింది.
"నీ కాడెంతున్నాదో నానడగలేదు.
గుంటకెంతవుతాదో రాసినాను."

స్కూలు ఆటో తొమ్మిదొందలు.
కళ్లద్దాలు. (కళ్లద్దాలా? ఎప్పట్నుంచి?)
ట్యూషను. పాలు. బూట్లు, ఒక సైజు పెద్దవి.
నీళ్లసీసా నూట ఎనభై, పక్కన చిన్నగా: మళ్లీ పోగొట్టింది.
మొత్తం ఏడువేల ఆరువందల నలభై.
ఎక్కడా గుండ్రం చెయ్యలేదు.
గుండ్రం చేసిన అంకె నా దగ్గరే ఉంది, తొమ్మిదివేలు.

పెన్ను తీశాను.
ఏడాదికి చేతిపని రెండు లక్షల నాలుగువేలు.
రాగి యాభై నాలుగువేలు.
పన్నెండుతో భాగిస్తే ఇరవై ఒక్కవేల ఐదొందలు.
గడి చాలలేదు, మార్జిన్లోకి పోయింది.
"మతుండే రాసినావా?" అన్నారు వకీలుగారు.
"కాలవ నెలల్లో ఎక్కడ తెచ్చి కడతావు?"

అదీ నిజమే. నా దగ్గర జవాబు లేదు.
"ఎండల్లోనే ముందు తీసి ఎయ్యమనండి,
గుంట పేరు మీద పోస్టాపీసులో" అంది కుసుమ
గోడకేసి చూస్తూ, వకీలుతో అన్నట్టు.
గోనె మాట ఎత్తలేదు.

సరే అన్నాను. అదీ రాయాలంటే ఇంకో కాగితం కావాలి.
జిరాక్స్ కొట్టుకి దిగుతూ అడిగాను
కుడికన్నా, ఎడమకన్నా అని.
"రెండూనూ" అంది.