నువ్వుగింజ

అప్పుడు మూడో కుర్చీలో ఉన్నాయన
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు:
"గూఢచర్యం మీద పరిశోధనా?
ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారు గదమ్మా."
మిగతా నలుగురూ నవ్వారు.
నేనూ నవ్వాను.
తారనాక దాటాక గానీ
ఆ నవ్వు నా మొహం మీదే ఉందని తెలియలేదు.

ఇరవై రెండేళ్లయింది.

ఇప్పుడు శనివారాలు
హబ్సిగూడలో, జిరాక్సు షాపు పైన గది.
కింద ఎవరిదో థీసిస్‌కు బైండింగ్ పడుతుంటుంది,
మిషను దడ మా మాటల కిందుగా పోతుంటుంది.
గది శకీలా ఆపాది.
ఉర్దూ టైపిస్టుగా రిటైరయింది, డిగ్రీ లేదు.
ప్రొఫెసర్లు తల పట్టుకునే శికస్తా రాతను
బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు చదివేస్తుంది.

సువర్ణ ఫోన్లో తెచ్చిన ఫోటో
ఫసలీ నాటి రహస్య నివేదిక.
కొత్వాలీ అమీను రాసుకున్నాడు:
"ఫలానా దేవిడీలో బియ్యం చెరిగే
ఒక ఔరత్ వల్ల తెలిసింది.
ఇచ్చినది రెండు హాలీ రూపాయలు."
పేరేది ఆపా?
లేదు బేటా.
అమీను గుర్రానికి పేరుంది,
దాని దాణా ఖర్చు అణాపైసలతో ఉంది.

మూడేళ్లుగా ఆ ఔరత్ కోసం తిరుగుతోంది సువర్ణ.
పేరు లేని మనిషి మీద చాప్టర్ ఎట్లా రాస్తవ్,
మహిళా సంక్షేమం తీసుకో, జల్దీ అయిపోతది,
అన్నాడట గైడు.

"ఆయనతో ఎట్లా వేగుతున్నవే?"
అంది హేమనళిని, సమోసా తుంచుతూ.
ఆ మాట దగ్గర అందరం ఆగిపోయాం.
వేగు, దొంగచాటుగా వార్త మోసుకొచ్చే మనిషి.
వేగు, ఇంకా తెల్లవారని వెలుతురు.
ఇక వేగడమంటారా,
మూకుడునడగండి.
నిఘంటువులో ఒకదాని కింద ఒకటి పడుకుని ఉంటాయివి.
పేర్చినవాడికి మన ఇళ్ల సంగతి తెలిసే ఉంటుంది.

ఈ గదిలో సాయమంటే పెద్దగా ఏమీ కాదు.
హేమనళిని ఢిల్లీ సదస్సులో
తనకిచ్చిన ఇరవై నిమిషాల్లో
సగం సువర్ణకు రాసిచ్చింది.
నేను ఫుట్‌నోట్లు చూస్తాను, తిడతాను,
తిట్టినందుకు ఆటో డబ్బులు ఇస్తాను.

నవంబరులో సువర్ణకు మూడో నెల.
ఫెలోషిప్ పొడిగించే కమిటీ జనవరి చివర్లో.
ఆపాకు తెలుసు, మాకు తెలుసు,
కుర్చీ పైకి మోసుకొచ్చిన
జిరాక్సు కుర్రాడికీ తెలుసు.
ఆ ఉదయం హేమనళిని
తన గద్వాల చీరకు గట్టిగా గంజి పెట్టి కట్టించింది,
కుచ్చిళ్లు కోటగోడలా నిలబడేట్టు.

మూడో కుర్చీలో నేను.
"పెళ్లయింది కదా, మరి పిల్లలూ అదీ..."
అని మొదలుపెట్టాడు పక్కాయన.
"ఆ వివరం ఫైల్లో లేదండీ,
ఫైల్లో ఉన్నదే అడుగుదాం" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
నా అరచేతులు మాత్రం తడిసిపోయాయి.

మూడు నెలలు నానింది నువ్వుగింజ
ఇన్ని నోళ్లలో.
మొలకెత్తింది కూడా.

నిన్న మళ్లీ ఆ ఫోటో తీసింది సువర్ణ,
పొట్ట మీద ఫోన్ ఆనించుకుని.
పేరు రాసుకోవడం అమీను మర్చిపోయాడంటావా?
ఆపా కళ్లద్దాలు తుడుచుకుంది.
"వాడు అడిగే ఉంటాడు.
ఆమె చెప్పి ఉండదు.
అసలు ఇల్మ్ అదే గదా బేటా."

రెండు రూపాయలకు ఏం చెప్పిందో
కాగితం మీద ఉంది.
ఆపా వేలు
పేరుండాల్సిన ఖాళీ మీద ఆగి ఉంది.
కింద మిషను ఆగింది, కరెంటు పోయినట్టుంది.
ఫోన్ వెలుగులో
మేం నలుగురం ఆ ఖాళీనే
చదువుతూ కూర్చున్నాం.