హమాలీ కూలి

ఏప్రిల్ బిల్లు
మీటర్ అబ్బాయి చేతి మెషిన్లోంచి నాలుకలా బయటికొచ్చింది.
అతను చింపి ఇచ్చేసి చెప్పుల చప్పుడుతో దిగిపోయాడు.
నేను గడపలోనే నిలబడి అంకెను రెండుసార్లు చదివాను,
మూడోసారి భూమేష్‌కి చదివి వినిపించాను.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
"చుక్క ఎక్కడుందో సరిగ్గా చూడు" అన్నాడు.

వారాసిగూడలో మాది మూడో అంతస్తు.
మా పైన ఎవరూ ఉండరు, స్లాబూ సూర్యుడూ తప్ప.
పగలంతా స్లాబు ఎండ తాగుతుంది,
రాత్రి పదింటికి మా మీద కక్కుతుంది.
పోయినేడు చిట్టీ ఎత్తి ఒక టన్ను ఏసీ కొన్నాం.
మొదటి రాత్రి పద్దెనిమిది పెట్టి
చెద్దర్లు కప్పుకుని పడుకున్నాం,
నడి మే నెలలో వణికింది
మా వంశంలో మేమే మొదలని నవ్వుకుంటూ.

ఆ నవ్వులన్నీ యూనిట్లలో లెక్కకొచ్చాయి.

ఖలీల్ భాయ్ వచ్చి ఫిల్టర్ ఊడదీసి
కిటికీ వెలుగుకి ఎదురు పట్టాడు.
వెలుగు ఇవతలికి రాలేదు.
"ముక్కు మూసి ఉరకమంటున్నరు దీన్ని" అన్నాడు.
పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే
బాత్రూమ్ నేల మీద మా ఏడాది దుమ్ము, మా వెంట్రుకలు, అగరొత్తి మసి.
"అమ్మా, ఇది చలిని తయారు చేసే మెషిన్ కాదు. హమాలి.
లోపలి వేడి మూటగట్టి బయట పడేస్తది.
మూటెంత బరువుంటే కూలి అంత.
పద్దెనిమిది పెట్టుడంటే
రాత్రంతా బస్తాతో మెట్లెక్కించుడే."

చాయ్ తాగి, డబ్బులు లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకుని పోయాడు.

ఆ మాట పట్టుకుని ఇల్లంతా తిరిగాను, మూటలు వెతుక్కుంటూ.
తలుపు కింద వేలెడు సందు.
పాత చీర పొడుగ్గా చుట్టి కుట్టి అక్కడ పడుకోబెట్టాను.
పడమటి కిటికీకి మందం పరదా.
రొట్టెలు పొద్దు వాలకముందే,
వంటింటి సెగ వంటింట్లోనే చల్లారాకే పడకగది తలుపు తెరవడం.
భూమేష్ చిరుగుల బనీను తొడుక్కుని
మేడంతా సున్నం పూశాడు.
తడారకముందే పావురాలు సంతకాలు చేసిపోయాయి.
రిమోట్ మీద ఇరవై ఆరు. ఫ్యాను రెండు మీద.
తెల్లారగట్ల నాలుగింటికి దానంతటదే ఆగేలా టైమరు.

"ఇది ఏసీ కాదు, ఏసీ ఫొటో" అంది లహరి.
మూడు రాత్రులు మూతి ముడుచుకుని,
నాలుగో రాత్రి పుస్తకం ముఖం మీదే పెట్టుకుని నిద్రపోయింది.

మే బిల్లు వచ్చింది.
అదే పొడుగు నాలుక. మాట మెత్తబడింది.

బిల్లు పిడికిట్లో పట్టుకునే
ఎదురింటి షమీమ్ ఆపా దగ్గరికి జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళాను.
ఆమె కుట్టు మిషను కిటికీ దగ్గరుండేది.
ఇప్పుడు గోడవారకి, బల్బు కిందికి జరిగింది.
కిటికీకి అట్టముక్కలు, చుట్టూ టేపు.
"ఎందుకాపా మూశారు?"
"వేడిగాలి వస్తోందమ్మా, పోయినేటి నుంచి"
అంది దారం పంటితో తెంపుతూ.
ఎవరిదో చెప్పలేదు.
నేను ఆ అట్ట మీద చెయ్యి పెట్టి చూశాను.
అవతల మూరెడు దూరంలో మా డబ్బా.
జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది అట్ట.

మూట ఎంత బరువో చెప్పాడు గానీ
ఎవరి వాకిట్లో దించుతున్నాడో
ఖలీల్ భాయ్ చెప్పలేదు. నేనూ అడగలేదు.

డబ్బాను మేడ మీదికి ఎక్కించడానికి ఖలీల్ చెప్పిన ధర
మేలో మిగిలింది, జూన్‌లో మిగలబోయేది కలిపితే సరిపోయింది.
రాగి గొట్టం అదనం.
భూమేష్ ఏమీ అనలేదు. చిట్టీ పుస్తకం తీసి చూసి, మూసేశాడు.

వేడి ఎక్కడికీ పోదని తెలుసు.
మేడ మీద ఆ మూలకి పావురాలు రావడం మానేశాయి.
ఊళ్ళో ఇన్ని వేల మంది హమాలీలు
ఒకరి మూట ఒకరి మీద వేసుకుంటూ
రాత్రంతా మోస్తూనే ఉంటారు.
మనం చేయగలిగిందల్లా
కాస్త తేలిక మూట కట్టి ఇవ్వడం.

నాలుగింటికి టక్కున ఆగుతుంది.
ఆ నిశ్శబ్దంలో నిన్న మొదటిసారి విన్నాను,
ఎదురింట్లో టేపు చర్రున ఊడదీసిన చప్పుడు,
తర్వాత, తుప్పు పట్టిన గడియ.