మారనిది ముందు రాయి

పెదజాలరిపేటలో వలలు కుట్టుకునే షెడ్డు,
సాయంత్రం ఆరు దాటితే నా ట్యూషన్.
వేట నిషేధం రోజులు.
పడవలు ఇసుకలో పక్కకి ఒరిగి పడుకున్నాయి,
పిల్లలు మాత్రం వేళకి వస్తున్నారు.

నలభై లీటర్ల మిశ్రమం.
పాలు మూడు వంతులు, నీళ్ళు ఒక వంతు.
రెండుకి ఒకటి కావాలంటే
ఇంకా ఎన్ని నీళ్ళు పోయాలి?

మైలపల్లి దానేశు పెన్ను కొరుకుతూ
"ఇంకా పోయడమేటి టీచర్,
ఉన్న నీళ్ళు సాలవా ఆడికి?" అన్నాడు.
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.
నిజమే, ఈ పుస్తకాల్లో పాలవాడికి
పేరుండదు, సిగ్గుండదు, గేదె కూడా ఉండదు.
ఒక పాత్ర, రెండు అంకెలు, కాస్త దురాశ.

సరే, పాలు వదిలెయ్.
మీ అమ్మ ఐసు పెట్టె లెక్క చెప్పు.
ఇరవై కేజీల కానాగంతలు, ఇరవై కేజీల ఐసు,
హార్బర్లో ఎత్తేటప్పుడు సరికి సరి.
ఆటో కంచరపాలెం చేరేసరికి
సగం ఐసు నీళ్ళై
దారి పొడుగునా సన్నగా గీత గీసింది.
ఇప్పుడెంత?
"రెండుకొకటి." రెప్ప వేసేంత సేపు పట్టలేదు.
మళ్ళీ సరికి సరి కావాలంటే?
"పది కేజీలు. సేప అలాగే ఉంది కదా టీచర్,
కరిగింది ఐసే."

సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను.
ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నది
'తెలియనిది ఎక్స్ అనుకుందాం' అని.
వాడు చెప్పింది
ఏది మారలేదో అది ముందు చూడమని.

పాలు ముప్పై. వాటిని ముట్టుకోకు.
ముప్పైకి సగం పదిహేను, ఉన్నవి పది.
అయిదు లీటర్లు.
దానేశు నోట్లోంచి పెన్ను తీసి రాశాడు.

రెండో లెక్క మొండిది.
నలభై లీటర్ల చిక్కటి పాలలోంచి
ఎనిమిది లీటర్లు తోడి, ఎనిమిది లీటర్ల నీళ్ళు పోస్తారు.
మళ్ళీ తోడతారు. మళ్ళీ పోస్తారు.
ఇక్కడ మారనిది పాత్ర ఒక్కటే.
ముప్పై రెండు,
ఇరవై అయిదు పాయింట్ ఆరు,
ఇరవై మీద ఇంకొంచెం...

"పాలు ఎప్పుడైపోతాయి టీచర్?"
గరికిన పరదేశమ్మ అడిగింది.
అయిపోవమ్మా.
ప్రతిసారీ అయిదింట నాలుగు వంతులు మిగులుతాయి.
ఆమె నమ్మలేదు. నల్లబల్ల కింది అంచు దాకా
వేసుకుంటూ పోయింది.

కళ్యాణదుర్గం నుంచి ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు.
ఏడాదికో చెంబుడు నా మాట తోడి
ఏడాదికో చెంబుడు తన మాట పోసింది ఈ తీరం.
మొన్న ఫోన్లో 'ఏటప్పా' అన్నానట,
మా అక్క రాంగ్ నంబరనుకుని పెట్టేసింది.

పిల్లలు వెళ్ళిపోయాక
దూరంగా లైట్‌హౌసు వెలుగు తిరుగుతుండగా
చీకట్లో వల కాలికి చుట్టుకుని తూలాను.
"యాడ సూస్తాండావే!"
నన్ను నేనే తిట్టుకున్నాను.

ఉందింకా.
ఎంతో లెక్కెయ్యలేదు.