గోల్‌ను ఎనకకు నడిపించిన రాత్రి

మూడో గోల్ కూడా మా సందులకెళ్లే పోయింది.
ఆట ఒడిసినంక బార్కస్ మైదానంల
పర్వతాలు ఒక్కడే పోస్టుకు ఒరిగి
గ్లౌజుల పట్టీ పండ్లతోని ఇప్పుకుంటుండు.
అందరం ఇవతల. గోల్‌కీపర్ ఒక్కడు అవతల.
నడుమ పద్దెనిమిది గజాల దుమ్ము.

"చేతులకు నెయ్యి రాసుకొని వచ్చిండా వీడు" అన్నడొకడు.
"సాలెం కాళ్లకు మేకులు కొట్టిండ్రా" అన్నడు ఇంకొకడు.
నేను బెంచీ మీద కూసొని నారింజ ఒలుస్తున్న.
నా అంగీకి చెమట వాసన లేదు,
ఇస్త్రీ మడత కూడా పోలే.

అవద్ సాబ్ తిట్టలే.
ఒకప్పుడు ఆయన గూడ డిఫెండరే,
ఆయన ఎడమ మోకాలు
మబ్బు కంటే ముందే వాన సంగతి చెప్తది.
కుంటుకుంట నెట్ల దూరి, బంతి ఆగిన కాడనే నిలబడి,
"రాండ్రి మియా, దీన్ని ఎనకకు నడిపిద్దాం" అన్నడు.
"తప్పిపోయిన మేకపిల్ల ఇది.
ఎవలింట్లకెళ్లి వచ్చిందో ఆ ఇంటికి తోలుకపోదాం."

పర్వతాలు తల ఎత్తిండు.
"నాకు బంతి కనవడలే సాబ్, సాలెం వీపు కనవడ్డది."

బంతి సాలెం కాడికి పోయింది.
తెల్లారగట్ల హరీస్ డేగ్ కలిపీ కలిపీ
భుజాలు గట్టివడ్డ పిలగాడు, మాట తక్కువ.
"ఇద్దరొచ్చిండ్రు నా మీదికి. నేనొక్కన్ని పట్టుకున్న.
రెండోటోన్ని డేవిడ్ చూస్తడనుకున్న."

డేవిడ్ రత్నం బూటుతోని నేల గీకిండు.
"కార్నర్ మనదే గద సాబ్, తలకాయ పెడ్దామని ముంగటికి పోయిన.
నా జాగల ఎల్లేశ్ ఆగుతడనుకున్న."

ఎల్లేశ్ రాత్రంత పార్సిళ్లు పంచి
పొద్దున బస్సుల నిలబడి నిద్రపోయి వచ్చినోడు.
"ఉరికిన సాబ్. సగం దాకా ఉరికిన.
రెఫరీ సీటీ కొడ్తడనుకున్న."

బంతి ఇంకా ఎనకకు, ఆ చివరి గోల్ పోస్టు దాకా,
ముగ్గురిని ఊరికెనే తిప్పపోయి
బంతి పోగొట్టుకున్న నవనీత్ కాళ్ల కాడికి.
వాడు అప్పుడెట్ల నిలబడ్డడో ఇప్పుడూ అట్లనే,
నడుం మీద రెండు చేతులు.
"బాల్ పోయినంక నా పని ఒడిసిందనుకున్న."

అనుకున్న, అనుకున్న, అనుకున్న.
అవద్ సాబ్ ఏళ్లు మడిచి లెక్కవెట్టిండు,
మళ్ల ఏళ్లన్నీ ఇప్పేసిండు.
"నాది గూడ ఉన్నది" అన్నడు.
"కార్నర్‌కు ఎనక ఎవలుండాలెనో
పొద్దుగాల చెప్పాలనుకున్న. చాయ్ తాగుకుంట మర్సిపోయిన."

అయిపాయె అనుకున్నరు అందరు.
సంచులు భుజాలకెక్కినయ్.
కని మా మైదానం బెంచీ దిక్కు కొంచెం వాలు.
ఎవలూ తన్నకుంటనే బంతి మెల్లగ దొర్లుకుంట వచ్చి
నా చెప్పుకు ఆనుకొని ఆగింది.

నేను చూసిన.
మిగితా వాళ్లకు బంతి కనవడ్డది గాని
నాకు మైదానమంత కనవడ్డది.
లాలాగూడ ఏడో నంబరోడు చెయ్యి ఎత్తి
డేవిడ్ ఇడిసిపెట్టిన జాగలకు ఉరుకుతుండె.
ఒకటి, రెండు, మూడు అని లెక్కవెట్టేంత సేపు.
"ఎనక మనిషి" అని రెండు మాటలు ఒర్లితే చాలు.
నోట్ల నారింజ తొన పెట్టుకున్న.
ఇయ్యాల డేవిడ్ మునిగితే
ఆదివారం ఆ జాగ నాది.

ఇదంత బయటికే చెప్పిన. ఎట్ల చెప్పిన్నో తెల్వదు.
డేవిడ్ నా దిక్కు చూడలే, లేసులు కట్టుకున్నడు,
కట్టినయే మళ్ల కట్టుకున్నడు.
పర్వతాలు గోల్ కాడికెళ్లి నడుసుకుంట వచ్చి
నా చేతులున్న సగం నారింజ గుంజుకొని
నిలబడే తినేసిండు, గింజలతోని సహా.

ఆదివారం మళ్ల గోల్ పడ్డది, ఒక్కటే.
నేను బెంచీ మీదనే ఉన్న.
సోమవారం పొద్దున దుకాణంల పాల ప్యాకెట్ అడుగుదామంటే
గొంతు లేవలే.