ఆరో ఆదివారం

మొదటి ఆదివారం జ్ఞానాపురం వైపు గేటు దాకా వెళ్ళి
బండి స్టాండయినా వెయ్యకుండా తిరిగొచ్చాం.
రెండో ఆదివారం మెట్లు. మెట్లు మాత్రమే.
ఇరవై ఏడు, అంది ధాత్రి.
ఆ రోజంతా అదే మాట,
అన్నం ముందు ఇరవై ఏడు, నిద్దట్లో ఇరవై ఏడు.

మూడోసారి ప్లాట్‌ఫారం టిక్కెట్లు.
"ఎవర్ని ఎక్కిస్తన్నారు?" అన్నాడు టీసీ.
"ఎవర్నీ కాదు సార్, ప్రాక్టీసు."
ఆయన టిక్కెట్లు అటూ ఇటూ తిప్పాడు,
వెనకాల ఇంకేమైనా రాసుందేమోనని.

నాలుగోసారి కిరండూల్ బండెక్కి, కూత వెయ్యకముందే దిగిపోయాం.
ఐదోసారి సింహాచలం దాకా. అక్కణ్ణుంచి ఆటో.

సత్యవేణి పాత శుభలేఖల వెనక బొమ్మలు గీసింది:
కిటికీ, టిఫిన్ డబ్బా, బాత్రూం తలుపు,
చివర్న మా ఇల్లు. ఇల్లు ఎప్పుడూ చివర్నే.
అది లేకపోతే పిల్ల కట్ట మొత్తం విసిరికొడుతుంది.
తిరిగి తెస్తామని చెప్పకుండా
ఎక్కడికి తీసికెళ్తారు నన్ను, అన్నట్టు.
న్యాయమే కదా.

నేను షిప్‌యార్డులో గ్రైండింగు మనిషిని.
ఇనుము పెట్టే కేక నాకు తెలుసు.
చెవులకు పెట్టుకునే పసుప్పచ్చ మఫ్‌లు
స్టోర్‌లో సంతకం పెట్టి ఇంకో జత తెచ్చాను.
దానికి వదులు. లోపల వాళ్ళమ్మ చీరముక్క కుట్టింది.
ఎనిమిదేళ్ళు పట్టింది నాకు, ఇంత చిన్న సంగతి తెలియడానికి:
నా డ్యూటీలో ఉండే మోత
దానికి రైతుబజార్లో ఉంటుందని,
చుట్టాలింట్లో ఉంటుందని, మిక్సీలో ఉంటుందని,
దానికి సైరన్ మోగదని, షిఫ్టు దిగదని.

ఆరో ఆదివారం, అరకు.
మర్రిపాలెం, పెందుర్తి, కొత్తవలస, మల్లివీడు,
స్టేషను కంటే ఓ నిమిషం ముందే దాని పేరు చెబుతోంది ధాత్రి.
ఎదురు సీట్లో పెద్దావిడ, "పాపకి చెవి పోటా బాబూ?"
"కాదమ్మా. దీనికి లోకం కాస్త గట్టిగా వినిపిస్తాది."
ఆవిడ ఆలోచించింది.
చేతి గాజులు మోచేతి దాకా ఎగదోసుకుంది.
ఇంకేమీ అడగలేదు.

శృంగవరపుకోటలో కుర్రాళ్ళెక్కారు, ఓ స్పీకరు పట్టుకుని.
సొరంగాల్లో వెయ్యాల్సిన కేకలు ముందే వేసి చూసుకుంటున్నారు.
ప్రాక్టీసే, వాళ్ళదీ.
ధాత్రి ఊగడం పెరిగింది. దాని వేళ్ళు నా బెల్టులో.
పోయినేడాది అన్నవరం బస్సులో ఇలాగే మొదలైంది.
తర్వాత అరుపు, కొరకడం, కండక్టరు విజిలు,
"పిల్లని అదుపులో ఎట్టుకోలేరా" అన్న ఎవరిదో గొంతు,
తుని దగ్గర హైవే మీద మేం ముగ్గురం, మా సంచీ.

ఈసారి అది శుభలేఖల కట్ట తీసింది.
కిటికీ కాదు, డబ్బా కాదు.
అడుగునున్న ఇల్లు లాగి
నా మోకాలి మీద పెట్టి వేలితో రెండుసార్లు కొట్టింది.

రెండుసార్లే. ఏడుపు లేదు.

"ఇంకాసేపే బంగారం, గుహలొస్తాయి" అనబోయాను.
అడ్వాన్సు కట్టిన రూము గుర్తొచ్చింది,
ఆరు ఆదివారాలు గుర్తొచ్చాయి.
సత్యవేణి అప్పటికే బ్యాగు దించేసింది.

బొడ్డవర. మేమొక్కళ్ళమే దిగాం.
బండి కొండల్లోకి పోయింది, కేకల్ని తీసుకుని.
కాసేపటికి ధాత్రి మఫ్‌లు తీసింది. తనంతట తనే.
సిమెంటు బల్ల మీద పులిహోర తిన్నాం.
అది పట్టాల పక్కన కంకర్రాళ్ళు లెక్కపెట్టుకుంది,
నూట నాలుగు దగ్గర మేక అడ్డొస్తే మళ్ళీ ఒకటి నుంచి.
జెండా చుట్టుకుంటూ రైల్వే ఆయన వచ్చాడు,
"అరకు ఇంకా చాలా ముందరండీ. తప్పు దిగీసేరు."
"లేదండీ," అంది సత్యవేణి, "సరిగ్గానే దిగేం."

సోమవారం షిఫ్టులో అడిగారు అరకు ఎలా ఉందని.
బొడ్డవర బాగుందన్నాను.
నవ్వారు. నవ్వనీ.

ఇంట్లో సత్యవేణి ఖాళీ శుభలేఖ కోసం బీరువా అంతా వెతుకుతోంది,
ఓ సిమెంటు బల్లా, ఓ మేకా గీయాలట.