రివర్స్ హారన్

మిర్యాలగూడల, సాగర్ రోడ్డు మీద,
రైస్‌మిల్లులకు ఎదురుంగ నాది ఎలక్ట్రీషన్ షెడ్డు.
ఇరవై రెండేండ్లల ఎన్ని లారీలకు బిగించిన్నో
ఆ చిన్న నల్ల డబ్బ.
రెండు తీగెలు, ఒక స్క్రూ.
గేరు ఎన్కకు పడంగనే పాడుతది.
దాని పేరు నాకు తెల్వదు, 'రానీ పాట' అనుకున్న.
క్లీనరు పోరడు బాడీని టపటప కొట్టుకుంట
రానీ… రానీ… రానీ… అంటడు గద,
సరిగ్గ ఆ అరుపు మీదనే కూసుంటది.

వడ్ల సీజన్ల ఒకనాడు
గొడుగేసుకొని పోతున్న సువార్త టీచరు ఆగింది.
మర్రిగూడెం దిక్కు నీళ్ళు తాగి పెరిగిన మనిషి.
మెడ తిరుగదు.
ఎన్కకు చూడాల్నంటే
పాదాల కాడికెళ్ళి మనిషంత తిరగాలె.
అట్లనే తిరిగి
"మట్టయ్యా, నీ డబ్బల ఒక స్వరం తక్కువున్నది" అన్నది.
"గట్లనే అమ్ముడుపోతున్నది టీచరమ్మా" అన్న.

స్టూలేసి కూసోబెడితే చెప్పింది.
రెండొందల ఏండ్ల కిందటి ముచ్చటంట.
జర్మనీ దేశపాయన, నలభైకి దగ్గరపడ్డడు,
చెవులు అప్పటికే మూసుకపోతున్నయి.
ఎలీజ అనే పిల్ల కోసమని కాయితం మీద రాసిండు.
ఎవరా పిల్ల? ఖాయంగ చెప్పేటోల్లు లేరు.
ఆయన రాత కోడి గెలికినట్టు ఉంటుండెనంట,
చదివినోడు పేరే తప్పు చదివిండేమో అంటరు కొందరు.
బతికినన్నాళ్ళు అచ్చుగాలే.
సచ్చిపోయిన నలభై ఏండ్లకు ఒకాయన అచ్చేసిండు.
అటెన్క ఆ అసలు కాయితం సుతం పోయింది.

నాకైతే పాసుబుక్కు పోయిన చెల్క యాదికొచ్చింది.
పట్టా ఎవరి పేరున ఉన్నదో తెల్వది,
పంట మాత్రం ఊరూర పండుతున్నది.

"మరి గింతమంది ఎందుకు పట్టుకున్నరు దాన్ని?"
జవాబియ్యలే.
ఐతారం పొద్దుమీకి చర్చికి రమ్మన్నది.

ఎప్పుడో మిషన్ దవాఖాన మూసేస్తే తెచ్చిన పియానో.
చెదలు తిన్న కాలు కింద రెండు ఇటుకలు.
"చూడు" అన్నది.
తెల్ల మెట్టు, దాని పక్కపొంటి నల్లది,
మళ్ళ తెల్లది, మళ్ళ నల్లది, తెల్లది.
గడప మీద ఒక కాలు పెట్టి
పోదునా, వద్దా అని ఊగే మనిషి లెక్క.
"గింతే. పియానో ముట్టని పోరడు సుతం
పూటల నేర్చుకుంటడు. అటెన్క ఇడువడు."

నా డబ్బ ఆగిపోయే కాడ ఆమె ఆగలే.
కిందికెళ్ళి ఎడమ చెయ్యి ఎక్కొచ్చింది,
హమాలి బస్తా మోసుకొని
పలక మీద లారీ ఎక్కినట్టు.
నడుమ కొంతసేపు నవ్వింది ఆ పాట,
నవ్వుతదని నాకేం తెలుసు?
తర్వాత ఒక్కటే మెట్టును ఆగకుండ పొడిచింది,
రాత్రి షిఫ్టుల మిల్లు ఇంజను చప్పుడు.
మళ్ళ గడప కాడికే వచ్చింది.
వంగని రెండు వేళ్ళు.
అవి పడాల్సిన కాడ స్వరం లేదు,
ఉత్త గాలి.
నా డబ్బల ఒక్కటి తక్కువున్నదన్న మనిషి
ఎన్ని వదిలేసిందో నేను లెక్కపెట్టలే.

ఇరవై రెండేండ్లు ఒక పాట మొదలును
ఎన్కకు పోయే బండ్లకు అమ్మిన.
లారీ గోడకు ఆనంగనే "ఆపు!" అంటరు.
మిగిలింది ఎవరింటరు?

మొన్న హైదరాబాదు పోయిన. రాణిగంజ్‌ల
ఒక్కొక్క డబ్బను బ్యాటరీకి పెట్టి విన్న.
సేటు పిచ్చోన్ని చూసినట్టు చూసిండు.
ముప్పై ఒకటోది సరిగ్గ పాడింది.
మొదలే, గని సరిగ్గ.

హాలియా లారీకి బిగించి
పనేం లేకున్నా టీచరు సందులకు
ఎన్కకు ఎన్కకు నడిపిచ్చిన.
క్లీనరు లేడు, నేనే బాడీని కొట్టుకుంట
రానీ… రానీ…
చాయ్ హోటలోడు బయటికొచ్చి తిట్టిండు.

తలుపు కాడ ఆమె అటు మొఖం పెట్టి
తాళం తీస్తున్నది.
చెయ్యి ఆగింది.
మెల్లగ, పాదాల కాడికెళ్ళి,
మనిషంత తిరుగుతున్నది.