ముంపు తొట్టి

మార్టేరు. పద్నాలుగో రోజు.
సిమెంటు తొట్టిలో ఎర్రనీళ్ళ అడుగున
రెండు వరుసల వరి.
ఒకదానికి తెల్ల పుల్లలు, ఒకదానికి నీలం.
మంగతాయారు గట్టు మీద కూచుని
చుట్ట అంటుకోవడం లేదని తిడుతోంది,
నన్నో, అగ్గిపెట్టెనో.

తెల్ల పుల్లల వరి ఏం చేసిందో నాకు తెలుసు.
ఊపిరాడక సాగింది.
దుబ్బులో దాచిన పిండంతా తీసి
ఆకు కొసకి ఖర్చుపెట్టింది,
గాలి అందుతుందని.
అందలేదు.

నీలం పుల్లలదీ స్వర్ణే.
తొమ్మిదో క్రోమోజోము మీద
ఒక్క ముక్క తేడా.
మునిగిన ఆకులో ఎథిలీన్ పోగవుతుంది,
నీళ్ళు దాన్ని బయటికి పోనివ్వవు.
రావులపాలెంలో అరటిగెలలు మాగబెట్టే కొట్లో
తిరిగేదీ ఆ వాయువే.
అక్కడ పండమంటుంది.
ఇక్కడ, నిద్రపోతున్న ఒక జన్యువుని
లెమ్మంటుంది.

లేస్తుంది.
దాని నకళ్ళు ఆర్ఎన్ఏగా బయటికొస్తాయి.
వాటిని చదివి అల్లిన ప్రొటీన్
మళ్ళీ కేంద్రకంలోకే వచ్చి
వేరే జన్యువుల వాకిట్లో కూచుంటుంది.
ఎదగొద్దు.
పిండి ముట్టొద్దు.
ఇప్పుడు కాదు.

వేరు కణంలోనూ పూత జన్యువు ఉంటుంది,
ఎప్పటికీ వంతు రాదు దానికి.
కాలువ నిండా నీళ్ళున్నా
తూము ఎత్తిన చేలోకే కదా.
ఇదంతా నేను చెబుతుంటే
మంగతాయారు అంది:

"ఎనభయ్యారులో మా లంక ఇలాగే ములిగింది.
గట్టు కనపడతందని మా మరిది ఈదేడు.
నేను అటకెక్కి కూకున్నా.
పిల్లకి పూటకో గుప్పెడు అటుకులు,
నాకు రెండ్రోజులకోసారి.
ఏడిస్తే ఆకలెక్కువౌద్దని
ఏడుపు కూడా మానేసేను."
నేను లెక్కల పుస్తకం మూసేశాను.
అగ్గిపుల్ల ఈసారి అంటుకుంది.

నాలుగు గంటలకి తూము లాగాం.
నీళ్ళు మురుగుకోడులోకి గుడగుడా పోయాయి.
రెండు వరుసలూ ఒకటే రంగు,
బురద, కుళ్ళిన ఆకు, నాచు.
పిలక వేస్తుందో లేదో
ఇంకో పదిరోజులకి గానీ రాసుకోలేను.

తను తొట్టిలోకి దిగింది.
చీర కుచ్చెళ్ళు దోపుకుని
ఒక్కో దుబ్బు మొదలూ
బొటనవేలితో నొక్కి చూస్తూ పోయింది.
మెత్తగా. మెత్తగా. మెత్తగా.
పదకొండో దుబ్బు దగ్గర ఆగి
"ఇది గట్టిగా ఉందమ్మా" అంది.

పుల్ల రంగు చూడలేదు తను.
నేను చూశాను.